ఆసుపత్రి పనితీరు మార్చాలంటే: లీన్, సిక్స్ సిగ్మా, పీడీఎస్ఏలలో మీకు ఏది సరిపోతుంది?

ఆసుపత్రిలో క్వాలిటీ విభాగం బాధ్యత తీసుకున్నవాళ్లకు మొదటి నెలల్లోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది. "మనం కూడా లీన్ మొదలుపెడదామా? లేకపోతే సిక్స్ సిగ్మా ట్రైనింగ్ పెట్టిద్దామా?" మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో ఎవరో ఒకరు ఎక్కడో విని వచ్చి అడుగుతారు. వారం తిరిగేసరికి ఇద్దరు ముగ్గురు కన్సల్టెంట్లు వచ్చి ప్రెజెంటేషన్లు ఇచ్చి వెళ్తారు. ఇంత జరిగినా, ఏ వార్డులో ఏ పేషెంటుకు ఏ ఇబ్బంది తగ్గాలో మాత్రం ఎవరూ కాగితం మీద రాసి ఉండరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పద్ధతిని చేతిలో పట్టుకుని దానికి తగిన సమస్య కోసం వెతకకూడదు. సమస్య ఏ రకమో తేలాకే పద్ధతి ఎంచుకోవాలి. అది తేలాక ఇంకో నిర్ణయం ఉంటుంది, నా దృష్టిలో అదే పెద్దది: పని సులువై కొంత సమయం మిగిలితే, ఆ సమయం ఎవరిది? దీనికి జవాబు చెప్పకుండా మొదలుపెట్టిన లీన్ ఎక్కువ కాలం నిలవదు. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

ముందు సమస్య ఏ రకమో చూడండి

ఆసుపత్రిలో వినిపించే ఫిర్యాదులు వందల రకాలుగా కనిపిస్తాయి. దగ్గరగా చూస్తే చాలావరకు నాలుగు కుదుళ్లలో ఏదో ఒకదానికి చెందుతాయి.

ఒకటి, ఎదురుచూపు. పేషెంటు ఉంటాడు, డాక్టరు ఉంటాడు, మంచం ఉంటుంది, మందు ఉంటుంది. కానీ ఒక పనికీ ఇంకో పనికీ మధ్య గంటలు గడిచిపోతాయి. కాగితం ఒక బల్ల మీద, శాంపిల్ ఒక ట్రేలో, పేషెంటు ఒక కుర్చీలో ఆగిపోయి ఉంటారు. పనుల మధ్య వృథాను, ఎదురుచూపును వెతికి తీసేసే లీన్ పద్ధతి చక్కగా పట్టుకోగల సమస్య ఇది.

రెండు, ఒకే పని ప్రతిసారీ ఒకేలా రాకపోవడం. అదే పరీక్ష ఒక షిఫ్టులో బాగా వస్తుంది, ఇంకో షిఫ్టులో పాడవుతుంది. కారణం కంటికి కనిపించదు. లెక్కలు వేసి వెతకాలి. ఇక్కడ సిక్స్ సిగ్మా పనికొస్తుంది.

మూడు, ఏం చేయాలో వైద్యశాస్త్రం ఎప్పుడో చెప్పింది, అయినా అది ప్రతి పేషెంటుకూ ప్రతిరోజూ జరగడం లేదు. లేదా ఒక మార్పు వేరేచోట పనిచేసింది, మన దగ్గర పనిచేస్తుందో లేదో తెలియదు. దీనికి పీడీఎస్ఏ, అంటే ప్లాన్, డూ, స్టడీ, యాక్ట్ అనే చిన్న చిన్న ప్రయోగాల చక్రం.

నాలుగు, ఒకేచోట బిగుసుకుపోవడం. మిగతా విభాగాలన్నీ ఖాళీగా ఉన్నా ఒక్క చోట దారి మూసుకుపోయి మొత్తం ఆగుతుంది. ఇది ఎలియాహు గోల్డ్‌రాట్ చెప్పిన థియరీ ఆఫ్ కన్‌స్ట్రెయింట్స్ పరిధి.

వీటిలో దేనికీ చెందని ఐదో రకం కూడా ఉంది. అక్కడ ఏ పద్ధతీ పనిచేయదు, దాని సంగతి చివర్లో చెప్తాను.

లీన్ ఎప్పుడు ఎంచుకోవాలి

లీన్ మూలాలు టయోటా కార్ల ఫ్యాక్టరీలో ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత దశాబ్దాల్లో తైచి ఓనో, ఆయన సహచరులు కలిసి రూపొందించిన పని విధానం అది. ఆసుపత్రుల్లో దానికి పేరు తెచ్చిన మొదటివాటిలో అమెరికాలోని సియాటిల్ నగరపు వర్జీనియా మేసన్ మెడికల్ సెంటర్ ఒకటి. 2002లో దాని పెద్దలు జపాన్ వెళ్లి ఫ్యాక్టరీలు చూసి వచ్చి, ఆ పద్ధతినే తమ ఆసుపత్రి నిర్వహణ విధానంగా చేసుకున్నారు. విస్కాన్సిన్‌లోని థీడాకేర్ కూడా ఆ కాలంలోనే ఈ దారి పట్టింది.

"మా పేషెంట్లు కార్లు కాదు" అని డాక్టర్లు అనడం నేను చాలాసార్లు విన్నాను. ఆ మాట నిజం. కానీ లీన్ సరిచేసేది పేషెంటును కాదు, పేషెంటు చుట్టూ తిరిగే కాగితాన్ని, ట్రేని, ఫోన్ కాల్‌ని, తాళంచెవిని. వార్డులో స్టాఫ్ నర్సు ఇన్ఫ్యూజన్ పంపు కోసం మూడు గదులు వెతకడం వైద్యం కాదు. అందులో కళ లేదు, అనుభవజ్ఞుల తీర్పు లేదు. ఆ వెతుకులాటను తీసేస్తే వైద్యానికి ఏ లోటూ రాదు.

డిశ్చార్జ్‌ని ఉదాహరణగా తీసుకుందాం. లీన్ ఏం చూస్తుందో ఇంతకంటే బాగా చూపించే పని ఆసుపత్రిలో ఇంకోటి లేదు. పొద్దున తొమ్మిదికి రౌండ్స్‌లో కన్సల్టెంట్, అంటే పెద్ద డాక్టరు, "ఇవాళ ఇంటికి వెళ్లిపోవచ్చు" అంటారు. పేషెంటు సంతోషంగా బట్టలు సర్దుకుంటాడు. జూనియర్ డాక్టరు మాత్రం రౌండ్స్ మొత్తం పూర్తయ్యాక, పదకొండింటికి కూర్చుని అందరి సమ్మరీలూ ఒకేసారి రాయడం మొదలుపెడతారు. రాసినవి సంతకం కోసం వెళ్తాయి. అప్పటికి కన్సల్టెంట్ ఆపరేషన్ థియేటర్‌లో (ఓటీలో) ఉంటారు. వాడని మందులు ఫార్మసీకి తిరిగి ఇవ్వాలి, వార్డ్ బాయ్ నలుగురివీ కలిపి ఒకే ట్రిప్పులో తీసుకెళ్దామని ఆగుతాడు. మందుల లెక్క తేలందే బిల్లింగ్ కౌంటర్ ఫైలు ముట్టదు. బిల్లు వచ్చాక ఒక పరీక్ష రెండుసార్లు పడిందని తేలుతుంది, మళ్లీ ల్యాబ్‌కు ఫోన్. డబ్బు కట్టిన రసీదు వార్డుకు చేరాక, చేతికున్న కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం) ఇంకా తీయలేదని సిస్టర్ గమనిస్తారు. పేషెంటు సాయంత్రం ఐదింటికి గడప దాటుతాడు. మంచం ఖాళీ అయిన సంగతి హౌస్‌కీపింగ్‌కు ఇంకో అరగంటకు తెలుస్తుంది. ఇంతసేపూ ఎమర్జెన్సీలో ఆ మంచం కోసం మధ్యాహ్నం నుంచి ఒక ముసలాయన ట్రాలీ మీద పడుకుని ఉంటాడు.

ఇప్పుడు చేతితో చేసిన పనిని మాత్రమే లెక్కేయండి. సమ్మరీకి ఇరవై నిమిషాలు, మందుల లెక్కకు పది, బిల్లుకు పదిహేను, పేషెంటుకు మందుల గురించి చెప్పడానికి పదిహేను, కాన్యులా తీయడానికి ఐదు. మొత్తం గంటకు కాస్త ఎక్కువ. పట్టింది ఎనిమిది గంటలు. మిగతా ఏడు గంటల్లో ఎవరూ సోమరిగా కూర్చోలేదన్నది గమనించాలి. ప్రతి ఒక్కరూ ఊపిరి సలపకుండా పనిచేశారు. తమ తమ పనులను గుంపులుగా చేసుకుపోవడం వల్ల ఒకరి సౌకర్యం ఇంకొకరికి ఆలస్యమైంది, అంతే.

వాల్యూ స్ట్రీమ్ మ్యాప్ గీయడమంటే ఈ కథను గోడ మీద పెద్ద కాగితంపై, ప్రతి అడుగుకూ పట్టిన సమయం, మధ్యలో గడిచిన ఎదురుచూపు రెండూ వేసి చూడటం. చూశాక పరిష్కారం దాదాపు దానంతట అదే కనిపిస్తుంది. అడ్మిషన్ రోజే ఇంటికి వెళ్లే తేదీ అంచనా రాసిపెట్టడం. సమ్మరీ ముసాయిదా ముందురోజే తయారుచేయడం. రేపు వెళ్లబోయేవాళ్ల మందులు ఇవాళ సాయంత్రమే వాపసు పంపడం. బిల్లును ఏరోజుకారోజు సరిచూసుకోవడం. సంతకం పడగానే హౌస్‌కీపింగ్‌కు కబురు వెళ్లేలా చేయడం. దీనికి గణాంకాలు అక్కర్లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సమస్య కంటికి కనిపిస్తోంది, కారణమూ కనిపిస్తోంది, దాన్ని అందరూ ఒకేసారి కలిసి చూడకపోవడమే లోపం. ఇలాంటిచోట వేరే పద్ధతి గురించి ఆలోచించొద్దు, లీన్‌నే తీసుకోండి.

దీనివల్ల మిగిలేది సమయం ఒక్కటే కాదు. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన చిన్న సూత్రం ఒకటుంది: లోపల ఉన్న జనం సంఖ్య, గంటకు వచ్చేవాళ్ల సంఖ్యను సగటున ఉండే సమయంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. ఎమర్జెన్సీకి గంటకు 12 మంది వస్తూ ఒక్కొక్కరు సగటున 4 గంటలు ఉంటే, ఏ క్షణంలో చూసినా లోపల సుమారు 48 మంది ఉంటారు. ఆ 4 గంటలను 3 చేయగలిగితే 36 మంది అవుతారు. ఒక్క ఇటుక పేర్చకుండా 12 మందికి చోటు దొరికినట్టు. కొత్త బ్లాకు కట్టాలని ప్లాన్లు గీస్తున్న మేనేజ్‌మెంట్‌కు ముందు ఈ లెక్క చూపించండి.

సిక్స్ సిగ్మాకు డేటా కావాలి, చాలా కావాలి

మోటరోలా కంపెనీలో 1986లో పుట్టిన ఈ పద్ధతి లక్ష్యం, పది లక్షల అవకాశాల్లో 3.4కు మించి లోపాలు లేకుండా చూడటం. నిర్వచించు, కొలువు, విశ్లేషించు, మెరుగుపరచు, అదుపులో ఉంచు అనే ఐదు మెట్లు. గ్రీన్ బెల్టు, బ్లాక్ బెల్టు అని శిక్షణ స్థాయిలు.

దీనికి సరిగ్గా సరిపోయే ఆసుపత్రి సమస్యకు ల్యాబ్‌లో హీమోలైజ్ అయ్యే రక్తపు శాంపిళ్లు మంచి ఉదాహరణ. శాంపిల్‌లో ఎర్రకణాలు పగిలితే పొటాషియం తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, పేషెంటును మళ్లీ గుచ్చాలి. ఎందుకు పగులుతున్నాయి? కాన్యులా నుంచి లాగడం వల్లా? సూది సైజా? సిరంజి బలంగా లాగడమా? మోసుకొచ్చే దారిలో కుదుపా? ఫలానా షిఫ్టా? ఊహలు పది ఉంటాయి, వార్డులో ప్రతి ఒక్కరికీ తన ఊహే నిజమనిపిస్తుంది. ల్యాబ్‌లో వేల శాంపిళ్ల రికార్డు ఉంటుంది కాబట్టి లెక్కలు వేసి దోషిని పట్టుకోవచ్చు. ల్యాబ్, ఫార్మసీ, బిల్లింగ్, రేడియాలజీ రిపోర్టులు, ఇలా ఒకే పని వేలసార్లు జరిగేచోట సిక్స్ సిగ్మా బాగా కుదురుతుంది.

నెలకు రెండో మూడో జరిగే సంఘటనకు దీన్ని తగిలిస్తే మాత్రం చేయగలిగింది తక్కువ. ఒక వార్డులో పేషెంట్లు మంచం మీంచి పడిపోవడం నెలకు మూడు నుంచి ఒకటికి తగ్గిందంటే, అది మెరుగుదలో, ఆ నెల అలా కలిసొచ్చిందో లెక్కలు కూడా చెప్పలేవు. ఇంకో మాట. ముందే అందరికీ కనిపిస్తున్న కారణం కోసం నాలుగు నెలలు డేటా పోగుచేస్తే వార్డు సిబ్బందికి విసుగొస్తుంది. "ఇది మేం మొదటిరోజే చెప్పాం కదా సార్" అంటారు. ఆ అనడంలో తప్పులేదు.

లీన్ సిక్స్ సిగ్మా అని రెండూ కలిపి అమ్మే శిక్షణలు ఎక్కువే. రెండింటి మధ్య వైరం లేదు, కలిపి వాడొచ్చు. అయితే మొదటి ఏడాదికి ఒక మధ్యస్థ ఆసుపత్రికి అన్ని బెల్టులు అవసరం లేదని నా గట్టి నమ్మకం. క్వాలిటీ విభాగంలో ఒక్కరికి గణాంకాలు బాగా వస్తే చాలు.

పీడీఎస్ఏ: చిన్నగా మొదలుపెట్టేవాళ్లకు

అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ హెల్త్‌కేర్ ఇంప్రూవ్‌మెంట్ ప్రపంచమంతా వ్యాప్తిచేసిన ఈ నమూనా మూడు ప్రశ్నలతో మొదలవుతుంది. ఏం సాధించాలనుకుంటున్నాం? మార్పు మెరుగుదలే అని ఎలా తెలుస్తుంది? ఏ మార్పు చేస్తే మెరుగుదల వస్తుంది? ఆ తర్వాత ఒక నర్సు, ఒక షిఫ్టు, ఒక పేషెంటుతో ప్రయోగం. బాగుంటే రేపు ఐదుగురితో. బాగోకపోతే మార్చి మళ్లీ.

చేతిలో డబ్బు లేనివాళ్లకు, పై అధికారుల మద్దతు ఇంకా గట్టిపడనివాళ్లకు నేను సూచించేది ఇదే. అనుమతి అడగాల్సింది తక్కువ, విఫలమైనా నష్టం తక్కువ. దీన్ని చేసేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒక్కటే: "డూ" మాత్రం చేసి, "స్టడీ" వదిలేయడం. కొత్త ఫారం ప్రింట్ చేసి అన్ని వార్డులకూ ఒకేరోజు పంపి, దానికి పీడీఎస్ఏ అని పేరుపెట్టడం అస్సలు పీడీఎస్ఏ కాదు. రోజువారీ అంకెలను గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టి, మధ్యగత రేఖ గీసి చూడండి. వరుసగా ఆరు చుక్కలు గీతకు ఒకేవైపు పడితే నిజంగానే ఏదో మారిందని అర్థం. ఈ పని వార్డ్ ఇన్‌ఛార్జ్ సిస్టర్ పెన్సిలుతో చేసుకోగలరు.

తెలిసిన మంచి పనిని ప్రతి పేషెంటుకూ జరిగేలా చేయడం ఎంత పెద్ద ఫలితమిస్తుందో చెప్పడానికి మిషిగన్ ఐసీయూల ఉదంతం చాలు. పీటర్ ప్రోనోవోస్ట్ బృందం పెద్ద రక్తనాళాల్లో కాథెటర్ పెట్టేటప్పుడు పాటించాల్సిన ఐదు జాగ్రత్తలు తీసుకుంది. చేతులు కడుక్కోవడం, పూర్తి స్టెరైల్ కవచం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రపరచడం, వీలైనంత వరకు తొడ దగ్గర పెట్టకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. ఇందులో కొత్తది ఒక్కటీ లేదు. 103 ఐసీయూల నుంచి వచ్చిన లెక్కల ప్రకారం, వెయ్యి కాథెటర్ రోజులకు సగటున 7.7గా ఉన్న రక్తపు ఇన్ఫెక్షన్లు ఏడాదిన్నర నాటికి 1.4కు దిగాయి. ఫలితాలు 2006లో ప్రచురితమయ్యాయి. ఆ కార్యక్రమంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది జాబితా కాదు, ఒక మెట్టు తప్పితే డాక్టరును సైతం ఆపే అధికారం నర్సుకు ఇవ్వడం.

ఆ అధికారం, ఆ నమ్మకం లేకుండా జాబితా ఒక్కటే ఇస్తే ఏమవుతుందో చెప్పేందుకూ ఉదాహరణ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీ చెక్‌లిస్టును మొదట ఎనిమిది ఆసుపత్రుల్లో పరీక్షించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కెనడాలోని అంటారియో రాష్ట్రం 2010లో దాన్ని ఆసుపత్రులన్నిటికీ తప్పనిసరి చేసింది. అక్కడి 101 ఆసుపత్రుల లెక్కలు తీస్తే మరణాలు 0.71 నుంచి 0.65 శాతానికి వచ్చాయి, చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే కాగితం, అవే గడులు. పై నుంచి ఉత్తర్వుగా వచ్చినప్పుడు టిక్కులు పడ్డంత సులువుగా పని మారదని నేను దీన్నిబట్టి అర్థం చేసుకున్నాను.

ఇరుకు ఒకేచోట ఉంటే

ఓటీలు నాలుగూ ఉన్నాయి, సర్జన్లున్నారు, అయినా కేసులు వాయిదా పడుతున్నాయి. వెళ్లి చూస్తే రికవరీ గదిలో మంచాలు నిండి, ఆపరేషన్ అయినవాళ్లు ఓటీ బల్ల మీదే ఉండిపోతున్నారు. ఈ స్థితిలో ఓటీ లోపల ఎంత వేగం పెంచినా ఉపయోగం లేదు. ఇంకో గుంపు వచ్చి అదే గుమ్మం ముందు నిలబడుతుంది. థియరీ ఆఫ్ కన్‌స్ట్రెయింట్స్ చెప్పేది: ఆ ఒక్క ఇరుకును కనిపెట్టు, దాన్ని ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉంచకు, మిగతావాటి వేగాన్ని దానికి తగ్గట్టు నడుపు, అప్పటికీ చాలకపోతే దాని సామర్థ్యం పెంచు.

అరవింద్ కంటి ఆసుపత్రుల్లో సర్జన్‌కు రెండు బల్లలు వేయడం ఈ ఆలోచనే. ఒక పేషెంటుకు శుక్లం తీస్తుండగా పక్క బల్ల మీద తర్వాతి పేషెంటును సిబ్బంది సిద్ధంచేస్తారు. దొరకడం కష్టమైన వనరు సర్జన్ సమయం కాబట్టి చుట్టూ ఉన్న పని అంతా దానికి కాపలాగా అమర్చారు. మీ ఆసుపత్రిలో దొరకనిది ఏదో ఒక్కటే అని స్పష్టంగా తెలిస్తే ఈ పద్ధతి అన్నిటికన్నా త్వరగా ఫలితమిస్తుంది.

లీన్ అని తేలాక: ఐదు రోజుల కైజెనా, రోజూ కాస్తకాస్తా?

ఇక్కడ దారులు మూడు. మొదటిది కైజెన్ వారం. ఒక సమస్యకు సంబంధించిన అన్ని విభాగాలవాళ్లనూ ఐదు రోజులు మామూలు డ్యూటీ నుంచి తప్పించి, ఒక గదిలో కూర్చోబెట్టి, చూసి, మార్చి, పరీక్షించి శుక్రవారానికి ఫలితం చూపించడం. విభాగాల మధ్య గోడలున్నచోట ఇది అద్భుతంగా పనిచేస్తుంది. ఫార్మసీ మనిషి మొదటిసారి వార్డుకు వచ్చి తన అల్మరా ముందు నర్సు ఎంతసేపు నిలబడుతుందో కళ్లారా చూడటం వల్ల జరిగే మేలు ఏ మీటింగ్‌లోనూ జరగదు. కానీ ఐదుగురు నర్సులను వారం తప్పిస్తే వాళ్ల డ్యూటీ ఎవరు చూస్తారన్నది ముందే తేల్చాలి. వారం తర్వాత ఎవరూ అటు తిరిగి చూడకపోతే, రెండు నెలల్లో పాత అలవాటు తిరిగొస్తుంది.

రెండోది రోజువారీ లీన్. ప్రతి ఉదయం పది నిమిషాలు బోర్డు ముందు నిలబడి మాట్లాడుకోవడం: నిన్న ఏం అడ్డొచ్చింది, ఇవాళ ఎవరు చూస్తారు, ఎప్పటిలోగా. నిన్నటి సమస్యకు ఇవాళ జవాబు బోర్డు మీద కనిపించాలి. నర్సింగ్ సూపరింటెండెంట్, మెడికల్ సూపరింటెండెంట్ వారంలో కొన్నిరోజులైనా ఆ బోర్డు దగ్గరికి తామే నడిచి రావాలి, తమ గదికి పిలిపించుకోకూడదు. ఇది చూడటానికి గొప్పగా ఉండదు. ఫొటోలకు పనికిరాదు. నిలబడేది మాత్రం ఇదే.

మూడోది ఒకేసారి సంస్థ మొత్తం. కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రం తన ఆరోగ్య వ్యవస్థ మొత్తానికీ లీన్‌ను తీసుకెళ్లాలని 2012లో ఒక అమెరికా కన్సల్టెన్సీతో పెద్ద ఒప్పందం చేసుకుంది. నర్సుల సంఘం నుంచి తీవ్ర అసంతృప్తి, ఖర్చుపై రాజకీయ విమర్శ వచ్చాయి. చివరికి గడువుకు ముందే ఆ ఒప్పందాన్ని ముగించారు. వర్జీనియా మేసన్ సంస్థ మొత్తం మారింది కదా అంటారు. నిజమే, కానీ అక్కడ ఒకే సంస్థ, ఏళ్ల తరబడి ఒకే నాయకత్వం, పెద్దలు స్వయంగా నేర్చుకుని స్వయంగా నేర్పారు. మీ సీఈవో రెండేళ్లలో మారిపోతారనిపిస్తే ఆ దారి జోలికి వెళ్లకండి.

నేనైతే ఇలా ఎంచుకుంటాను. ఒక్క పేషెంట్ల ప్రవాహం, ఉదాహరణకు ఎమర్జెన్సీ నుంచి మెడికల్ వార్డు దాకా, దాన్ని మాత్రమే తీసుకుని అక్కడ రోజువారీ బోర్డు మొదలుపెడతాను. బోర్డు మీద పదేపదే వస్తున్నా వార్డు ఒంటరిగా పరిష్కరించలేని సమస్య కనిపించినప్పుడు దానికి కైజెన్ వారం పెడతాను. అంటే వారం బోర్డు నుంచి పుట్టాలి, క్యాలెండర్ నుంచి కాదు.

పరికరాల గురించి క్లుప్తంగా. 5ఎస్, అంటే ప్రతి వస్తువుకూ ఒక చోటు ఖాయం చేసే సర్దుబాటును, క్రాష్ కార్ట్ (అత్యవసర మందుల బండి), మందుల గది, స్టోరుల్లో చేయండి. ప్రాణం పోయే క్షణంలో చెయ్యి చూడకుండా సరైన డ్రాయర్‌కు వెళ్లాలి. అల్మరాలకు లేబుళ్లు అంటించి లీన్ అయిపోయిందని మాత్రం అనుకోకండి. కాన్‌బాన్, అంటే రెండు డబ్బాల పద్ధతి, గ్లౌజులు, సిరంజిలు, ఐవీ సెట్ల లాంటివాటికి చక్కగా పనిచేస్తుంది. ముందు డబ్బా ఖాళీ కాగానే అదే ఇండెంట్. మందులు, రక్తం లాంటి అరుదైన, ప్రాణావసరమైన వస్తువుల నిల్వను మరీ పల్చగా చేయకండి. సరఫరా ఒక్కరోజు ఆగితే అక్కడ పొదుపు చేసిన దానికి ఏ విలువా ఉండదు. తప్పు జరగడానికే వీలులేకుండా చేసే ఏర్పాట్లకు ఎంత ఖర్చయినా పెట్టొచ్చు. నోటి ద్వారా ఇచ్చే మందుకు వాడే సిరంజి కొన ఐవీ లైనుకు అమరకుండా తయారుచేయడం, నూరు హెచ్చరిక బోర్డులు చేయలేని పని చేస్తుంది.

కన్సల్టెంటా, సొంతవాళ్లా?

మొదటి ఆరునెలలు బయటివాళ్ల సాయం తీసుకోవడంలో తప్పులేదు. ఎవరిని తీసుకోవాలన్నదానికి నా పరీక్ష ఒక్కటే. మొదటి సమావేశానికి వచ్చినప్పుడు వాళ్లు కాన్ఫరెన్స్ హాలు అడుగుతారా, వార్డు చూపించమంటారా? వార్డు చూస్తామన్నవాళ్లతో మాట్లాడండి. ఒప్పందంలో "ఫలానా తేదీ నాటికి మా సిబ్బందిలో ఇద్దరు మీరు లేకుండానే ఈ పని నడపగలగాలి" అని రాయించండి. జపనీస్ పదాల జాబితా బట్టీ పట్టించే శిక్షణకు డబ్బు ఖర్చు పెట్టకండి. బోర్డు మీద "ఆండన్" అని రాసినా, "ఆపండి, సాయం కావాలి" అని రాసినా పని ఒక్కటే. రెండోది వార్డ్ ఆయమ్మకు కూడా అర్థమవుతుంది, ఆమె చూసేవి డాక్టర్లకు కనిపించవు.

మిగిలిన సమయం ఎవరిది?

లీన్ ఆరోగ్యరంగంలో నిజంగా పనిచేస్తుందా అని 2016లో ఒక సమీక్షా వ్యాసం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసింది. పేషెంట్ల సంతృప్తితో గానీ, ఆరోగ్య ఫలితాలతో గానీ గణాంకాల పరంగా సంబంధం కనిపించలేదు. సిబ్బంది సంతృప్తి విషయంలో ఫలితం వ్యతిరేకంగా ఉంది. లీన్‌ను ఇష్టపడే నాలాంటివాళ్లు ఈ ఫలితాన్ని దాటవేయకూడదు. సిబ్బంది అసంతృప్తి ఎక్కడినుంచి వస్తుందో ఏ వార్డులోనైనా అడిగి తెలుసుకోవచ్చు. నర్సు రోజుకు నలభై నిమిషాల నడక మిగుల్చుకుంది. మరుసటి నెల ఆమెకు ఇంకో ఇద్దరు పేషెంట్లను అప్పగించారు, లేదా ఆ షిఫ్టులో ఒక పోస్టు తీసేశారు. ఇక ఆ వార్డులో ఎవరు ఇంకో ఆలోచన చెప్తారు?

అందుకే మొదలుపెట్టేముందే, యాజమాన్యం సంతకంతో, నోటీసు బోర్డు మీద రెండు వాక్యాలు ఉండాలి. ఈ పని వల్ల ఎవరి ఉద్యోగమూ పోదు. మిగిలిన సమయంలో సగానికి తగ్గకుండా పేషెంటు పక్కన గడపడానికే. వర్జీనియా మేసన్ ఉద్యోగాలు తీసేయబోమని తన సిబ్బందికి మాటిచ్చింది. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ వార్డుల కోసం తెచ్చిన ప్రొడక్టివ్ వార్డ్ కార్యక్రమమూ నర్సు సమయాన్ని నేరుగా సంరక్షణకు మళ్లించడాన్నే లక్ష్యంగా చెప్పుకుంది. మీ యాజమాన్యం ఆ రెండు వాక్యాలకు ఒప్పుకోకపోతే లీన్ మానేసి, పీడీఎస్ఏతో ఒక భద్రతా సమస్య మీద పనిచేయండి. దానికి ఈ భయం అంతగా అంటదు.

ఏ పద్ధతీ పనిచేయని చోటు

మనుషులే చాలనిచోట వృథాను వెతికితే దొరికేది కొంచెమే. ఒకే డాక్టరున్న ఓపీని ఊహించండి. పేషెంట్లు ఎప్పుడు పడితే అప్పుడు వస్తారు, ఒక్కొక్కరికి సగటున 10 నిమిషాలు పడుతుంది, కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ. సాధారణ క్యూ సూత్రం ప్రకారం డాక్టరు 80 శాతం సమయం బిజీగా ఉంటే సగటు ఎదురుచూపు 40 నిమిషాలు. 90 శాతమైతే 90 నిమిషాలు. 95 శాతమైతే 190 నిమిషాలు. పని 80 నుంచి 95కు పెరిగింది, ఎదురుచూపు ఐదు రెట్లకు చేరువైంది. ఇలాంటిచోట అపాయింట్‌మెంట్లతో రాకను సమానంగా సర్దడం కొంత ఊరటనిస్తుంది, అది లీన్ పనే. అంతకు మించి కావలసింది ఇంకో డాక్టరు. మంచాలు ఎప్పుడూ నిండిపోయి ఉండే ఐసీయూకూ ఇదే లెక్క. "ఖాళీగా ఉన్న మంచం నష్టం" అనే ఆలోచనను ఆసుపత్రిలోకి తెచ్చినవాళ్లకు ఈ మూడు అంకెలు చూపించండి.

ఉద్యోగాల కోత నడుస్తున్న కాలంలో, కొత్త కంప్యూటర్ రికార్డుల వ్యవస్థ మొదలవుతున్న నెలల్లో కూడా లీన్ ప్రారంభించకండి. ఆరునెలలు ఆగితే నష్టమేమీ లేదు.

మొదలుపెట్టేముందు కొలతలు మూడు రాసుకోండి. డిశ్చార్జ్ ఉదాహరణలో అయితే: పేషెంటు గడప దాటిన సమయం ఫలితపు కొలత. ముందురోజే సమ్మరీ సిద్ధమైనవాళ్ల శాతం పని కొలత. నెలలోపు మళ్లీ అడ్మిట్ అయినవాళ్ల సంఖ్య కాపలా కొలత. మూడోదాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. మధ్యాహ్నంలోపు మంచాలు ఖాళీ చేయాలన్న ఒత్తిడిలో, ఇంకా ఒకరోజు ఉండాల్సిన మనిషిని పంపించేస్తున్నామేమో చెప్పగలిగేది అదొక్కటే. ఆ అంకె పెరిగిన వారం, మిగతా రెండూ ఎంత బాగున్నా, మార్పును ఆపి ఆ కేసు షీట్లు తీసి ఒక్కొక్కటీ చదవండి.